అమ్మ రెండుసార్లు పడ్డారు: టైల్స్ మార్చాలా, వాకర్ కొనాలా?

మీరు రాసినదాన్ని ఒకసారి క్లుప్తంగా చెప్పుకుందాం. అమ్మగారికి 76 ఏళ్ళు. నాన్నగారు పోయాక నల్లకుంటలోని సొంత ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. పొద్దున పూట పనమ్మాయి వచ్చి వెళుతుంది, మీరు కొండాపూర్ నుంచి వారానికి రెండుసార్లు వెళ్ళి చూసి వస్తున్నారు. రెండు నెలల్లో రెండుసార్లు పడ్డారు. ఒకసారి తెల్లవారుజామున మంచానికీ బాత్రూమ్‌కీ మధ్య, ఇంకోసారి సాయంత్రం వీధి మెట్ల దగ్గర. ఎముకలేవీ విరగలేదు. మొదటిసారి పడిన సంగతి పదిరోజుల తరువాత పనమ్మాయి చెబితేగాని మీకు తెలియలేదు. షుగరుకు, బి.పి.కి, అరికాళ్ళ మంటలకు మందులు వాడుతున్నారు, రాత్రి నిద్రకు సగం మాత్ర. బాత్రూమ్ పగలగొట్టి గరుకు టైల్స్ వేయించాలా, వాకర్ కొనాలా అని అడిగారు. "వయసు కదా, మామూలే" అని మీ అన్నయ్య అన్నారట.

నేను ఇరవై రెండేళ్ళుగా హైదరాబాద్‌లో ఇళ్ళకు వెళ్ళి ఫిజియోథెరపీ చేస్తున్నాను. మీ ప్రశ్నకు నా జవాబు: టైల్స్ ఇప్పుడే వద్దు, వాకర్ అసలే వద్దు. ముందు అమ్మగారి మందుల డబ్బా తెరవండి. ఎందుకో చెబుతాను, కొంచెం పొడవుగానే.

మొదట అన్నయ్యగారి మాట. 65 దాటినవారిలో ఏటా ముగ్గురిలో దాదాపు ఒకరు ఒక్కసారైనా పడతారన్నది నిజమే. కానీ అదే వయసున్న మిగతా ఇద్దరు పడటం లేదు కదా! ఒకసారి పడినవారు మళ్ళీ పడే అవకాశం పడనివారికంటే చాలా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పడిపోవడం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రమాదవశాత్తూ గాయపడి పోయేవారిలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. "మామూలే" అని వదిలేసే సంగతి కాదు. అన్నయ్యగారికి ఈ పేరా ఒక్కటి చదివి వినిపించండి, చాలు.

ఇక అసలు విషయం. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఎలా పడ్డా చెప్పేది ఒకటే మాట, "కాలు జారింది." అది విని మనం నేల వైపు చూస్తాం, టైల్స్‌ను తిట్టుకుంటాం. చాలాసార్లు ఆ నేల పొడిగానే ఉంటుంది. అమ్మగారు అబద్ధం చెబుతున్నారని కాదు, ఆ క్షణంలో ఏం జరిగిందో ఆవిడకే సరిగా తెలియదు. పైగా నిజం చెబితే ఇల్లు తాళం పెట్టించి కొండాపూర్ ఫ్లాటుకు తీసుకుపోతారని భయం. అందుకే "ఎందుకు చెప్పలేదు" అని నిలదీయకండి. పక్కన కూర్చుని, చిక్కుడుకాయలు ఒలుస్తూనో మరేదో చేస్తూనో, ఆ పొద్దున లేచిన దగ్గర నుంచి వరుసగా చెప్పించండి. ఎన్ని గంటలకు లేచారు, ఎందుకు లేచారు, లేచిన వెంటనే పడ్డారా నాలుగడుగులు వేశాకా, కళ్ళ ముందు చీకట్లు కమ్మాయా, గది తిరిగినట్టు అనిపించిందా, నేలను తాకడం గుర్తుందా లేదా. ఈ చివరిది బాగా పట్టించుకోవాలి. కింద ఉన్నాకే తెలివి వచ్చిందంటే అది స్పృహ తప్పడం. అప్పుడు గుండె లయ చూపించాలి, ఇ.సి.జి. తీయించాలి. అందులో ఆలస్యం చేయకూడదు.

పక్క మీద ఒత్తిగిలినప్పుడల్లా గది గిర్రున తిరిగి నిమిషంలోపు తగ్గిపోతుంటే అది చెవి లోపలి సున్నపు రేణువుల తంటా. చెవి వైద్యులో, నేర్చుకున్న ఫిజియోథెరపిస్టో తలను ఒక క్రమంలో తిప్పి చాలామందికి ఒకటి రెండు సిట్టింగుల్లో సరిచేస్తారు. దానికి నెలల తరబడి తలతిరుగుడు మాత్రలు మింగేవాళ్ళను చూస్తుంటే నాకు బాధేస్తుంది.

పద్మారావునగర్‌లో ఒక పెద్దాయన దగ్గరకు వెళ్ళేదాన్ని. మూడుసార్లు పడ్డారు, మూడుసార్లూ కాలు జారిందనే చెప్పారు. కొడుకు అప్పటికే బాత్రూమ్‌కు కొత్త టైల్స్ వేయించాడు. నేను వరుసగా అడుగుతూ పోతే తేలిందేమిటంటే, మూడుసార్లూ నీళ్ళు వచ్చే రోజే. వాళ్ళ వీధిలో రోజు విడిచి రోజు తెల్లవారుజామున నల్లా వస్తుంది. గొట్టంలో గాలి బుసకొట్టే చప్పుడు వినబడగానే ఆయన మంచం మీద నుంచి ఒక్క ఉదుటున లేచి మోటారు వేయడానికి పరుగు. ఆయనను పడుకోబెట్టి బి.పి. చూస్తే 152. లేపి నిలబెట్టిన నిమిషానికి 116. "ఇప్పుడెలా ఉంది?" అంటే గోడ పట్టుకుని "బాగానే ఉన్నానమ్మా" అన్నారు, ముఖం మాత్రం తెల్లగా పాలిపోయింది. రాత్రి పడుకునేముందు బి.పి. మాత్ర, ప్రొస్టేటు మాత్ర రెండూ కలిపి వేసుకుంటున్నారు. వాళ్ళ డాక్టరు ఒక మాత్ర మార్చి, ఇంకోదాని వేళ మార్చారు. మోటారు స్విచ్చును మంచం పక్కకు తెప్పించాం. ఆ తరువాత రెండేళ్ళు వాళ్ళింటికి వెళ్ళాను, ఆయన మళ్ళీ పడలేదు. కొత్త టైల్స్ మాత్రం ముచ్చటగా ఉన్నాయి.

జరిగేది ఇది. మనం లేచి నిలబడగానే రక్తం కాళ్ళలోకి దిగుతుంది. వెంటనే రక్తనాళాలు బిగుసుకుని, గుండె కొంచెం జోరు పెంచి, మెదడుకు రక్తం తగ్గకుండా చూసుకుంటాయి. వయసు మీద పడ్డాక ఆ స్పందన మందగిస్తుంది, చాలా ఏళ్ళుగా షుగరు ఉన్నవారిలో నరాలు దెబ్బతిని ఇంకా మందగిస్తుంది. దానికి బి.పి. మందులు, ఒంట్లో నీరు తగ్గడం తోడైతే లేచిన మొదటి నిమిషం గండమే. రాత్రి బాత్రూమ్‌కు లేవవలసి వస్తుందని మన ఆడవాళ్ళు సాయంత్రం నుంచే నీళ్ళు తాగడం మానేస్తారు, ఏప్రిల్, మే నెలల్లో కూడా.

మీ ఇంట్లోనే చూడవచ్చు. చేతికి కట్టే బి.పి. మిషను చాలు. అమ్మగారిని ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడిన ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు మరోసారి చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గితే ఆ కాగితం డాక్టరుకు చూపాలి. ఆవిడ పక్కనే మీరు నిలబడాలి, తూలితే పట్టుకోవడానికి. మరో మాట, కుర్చీలో కూర్చోబెట్టి ఒకసారి చూసి "బి.పి. బాగుంది" అనుకోవద్దు, క్లినిక్కులో చూసేది అదే కాబట్టే ఈ తేడా ఏళ్ళ తరబడి ఎవరి కంటా పడదు.

ఇక మందుల డబ్బా. నిద్రకు సగం మాత్ర అన్నారు, పేరు రాయలేదు. ఆల్ప్రజోలమో క్లోనజిపామో అయి ఉంటుందని నా అనుమానం. పెద్దవాళ్ళను పడేసే మందుల జాబితాలో అవి ఎప్పుడూ ముందుంటాయి, సగమైనా సరే. ఆ మాత్ర ప్రభావం తెల్లవారుజామున కూడా దిగదు. మనిషి లేస్తుంది గానీ కాళ్ళు లేవవు. అలాగని రేపటి నుంచి మాన్పించేయకండి. ఏళ్ళుగా వాడుతున్నదాన్ని ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోవడం, వణుకు, కొందరికి మూర్ఛలు కూడా రావచ్చు. డాక్టరు చెప్పినట్టు వారాల మీద మెల్లగా తగ్గించాలి. అరికాళ్ళ మంటలకు ఇచ్చే ప్రిగాబలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ కూడా తల తిప్పుతాయి, మత్తు ఇస్తాయి. ఇవి నిద్రమాత్రతో కలిస్తే చెప్పనక్కరలేదు. జలుబుకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్‌దీ ఇదే తీరు.

షుగరుకు గ్లిమిపిరైడ్ లాంటిది వాడుతూ, ఏకాదశికి ఉపవాసం ఉంటూ, మాత్ర మాత్రం "డాక్టరు రోజూ వేసుకోమన్నారు" అని వేసుకునే తల్లులు ఎందరో. షుగరు 70 కంటే తగ్గితే చెమటలు, దడ, తూలు. అమ్మగారు పడిన వేళకే, అంటే తెల్లవారుజామున, రెండు మూడు రోజులు గ్లూకోమీటరుతో చూడండి. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళుగా వాడుతుంటే బి12 కూడా చూపించండి. అది తగ్గితే పాదాలకు నేల తెలియదు. చెప్పు ఊడిపోయినా తెలియకుండా నడుస్తున్నారేమో గమనించండి, మంచి గుర్తు అది.

అసలు చిక్కు ఏమిటంటే షుగరుకు ఒక డాక్టరు, మోకాళ్ళకు ఒకరు, నిద్రకు ఇంకెవరో. మూడు చీటీలనూ ఒకచోట పెట్టి చూసేవారు లేరు. మొత్తం మందులను, వంటింటి డబ్బాలో ఉన్న పాత స్ట్రిప్పులతో సహా, ఒక సంచిలో వేసుకుని జనరల్ ఫిజీషియన్ దగ్గరకు వెళ్ళండి. వృద్ధుల వైద్య నిపుణులు దొరికితే మరీ మంచిది. బల్ల మీద గుమ్మరించి "ఇందులో ఏవి తీసేయవచ్చు?" అని అడగండి. కొత్త మందు అడిగేవాళ్ళే తప్ప ఈ ప్రశ్న అడిగేవాళ్ళు వాళ్ళకు కూడా అరుదు.

రెండోసారి సాయంత్రం వీధి మెట్ల దగ్గర కదా. ఆ కథ వేరు కావచ్చు. నల్లకుంట, చిక్కడపల్లి వైపు పాత ఇళ్ళన్నిటికీ తాండూరు బండలే. మెట్టూ బూడిద రంగే, కింద నేలా బూడిద రంగే. సందెవేళ అంచు ఎక్కడో కుర్రవాళ్ళకే కనబడదు. ఆవిడ రెండు చూపుల కళ్ళద్దాలు పెట్టుకుంటారా? కింది భాగం చదవడానికి చేసినది, దానిలోంచి మెట్టు వైపు చూస్తే అంచు మసకబారి, ఉన్నచోట కాకుండా మరోచోట కనబడుతుంది. బయటికి వెళ్ళేటప్పుడు దూరపు చూపుకు మాత్రమే వేరే అద్దాలు చేయిస్తే మేలు. శుక్లం ఉంటే తీయించడం వాయిదా వేయకండి. మెట్టు అంచుకు రెండంగుళాల పసుపు పెయింటు పట్టీ వేయించండి. మన పూర్వీకులు గడపకు పసుపు రాసింది లక్ష్మీదేవి కోసమే గానీ, చీకట్లో గడప ఎక్కడుందో కనబడటం కూడా దాని వల్లే. ఆ పసుపు చెరిగిపోయి, దాని స్థానంలో వార్నిషు వచ్చాక ఆ సదుపాయం పోయింది.

బాత్రూమ్ విషయం. గోడకు ఊతకమ్మీ తప్పకుండా పెట్టించండి. మీరు ఎక్కడ బాగుంటుందనుకుంటే అక్కడ కాదు. అమ్మగారిని మామూలుగా లోపలికి వెళ్ళి, కమోడ్ మీద కూర్చుని లేవమనండి. లేచేటప్పుడు చెయ్యి తనంతట తాను ఎక్కడికి పోతుందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. చాలా ఇళ్ళలో ఆ చెయ్యి పోయేది టవలు కడ్డీ మీదికి. అది తువ్వాలు బరువుకు బిగించినది, మనిషి బరువుకు గోడలోంచి ఊడి వస్తుంది. ఊతకమ్మీని ఇటుకలోకి పొడవాటి స్క్రూలతో బిగించి, ముందు మీరే మీ బరువంతా వేసి వేలాడి చూడండి. లోపలి గొళ్ళెం తీయించేయండి. పడినప్పుడు తలుపు లోపలి నుంచి వేసి ఉండటం, అందులోనూ లోపలికి తెరుచుకునే తలుపుకు మనిషే అడ్డం పడి ఉండటం ఎంత ఘోరమో నేను రెండుసార్లు చూశాను. తలుపు ముందు వేసే జారుడు పట్టా తీసేయండి. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపాలు పెట్టండి, ఖర్చు ఎంతో కాదు. తడిగుడ్డతో తుడిచాక నేల ఆరేవరకు ఆవిడ కూర్చునే ఉండాలని పనమ్మాయితో ఒప్పందం చేసుకోండి. తెల్ల ప్లాస్టిక్ కుర్చీలను ఇంట్లోంచి పంపించేయండి. అవి పెళ్ళి పందిళ్ళకు పుట్టాయి, చేతుల మీద బరువు వేసి లేచే ముసలివాళ్ళకు కాదు. అటక మీది సామాను ఏడాదికి సరిపడా కిందికి దింపి పెట్టండి.

గరుకు టైల్స్ వీటన్నిటి తరువాత, డబ్బు మిగిలితే.

వాకర్ ఎందుకు వద్దన్నానంటే, అవసరమో కాదో చూడకుండా కొన్న వాకర్ ఇంట్లో మరో అడ్డంకి. పాత ఇళ్ళ బాత్రూమ్ తలుపుల్లో అది పట్టదు. మనిషి దాన్ని బయట వదిలి లోపలికి చేతులూపుకుంటూ వెళుతుంది, సరిగ్గా ప్రమాదమున్న చోటికి. ముందు కాళ్ళలో సత్తువ ఎంతో చూడండి. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, చేతులు గుండెకు అడ్డంగా కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 75 నుంచి 79 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళు 10 కంటే తక్కువ అయితే కాళ్ళు బలహీనపడ్డట్టే. ఇంకొకటి, కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే జాగ్రత్త పడాలి. నడుస్తుండగా పక్కన మీరు ఏదైనా అడగండి. జవాబు చెప్పడానికి ఆగిపోతున్నారంటే ఆవిడ బుర్ర మొత్తం నడక మీదే పెట్టి నడుస్తున్నారని అర్థం. చేతికర్ర చాలునా, వాకర్ కావాలా అన్నది ఇదంతా చూశాక ఒక ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి తేల్చాలి. చేతికర్ర అయితే, నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలినప్పుడు మణికట్టు గీత ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తు ఉండాలి. అడుగున రబ్బరు అరిగిపోయిన కర్ర తాండూరు బండ మీద స్కేటింగే.

"మా అమ్మ రోజూ సుందరయ్య పార్కులో నడుస్తుంది" అని చాలామంది నాతో అంటారు. నడక గుండెకూ మనసుకూ మంచిదే. తూలకుండా నిలబడే నేర్పు మాత్రం దానితో ఒక్కదానితో రాదు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్ళు రూపొందించిన వ్యాయామాలు ఉన్నాయి, ఇంట్లోనే చేసేవి, వారానికి మూడుసార్లు, కాలి కండల బలానికీ నిలకడకూ. వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, మడమల మీద నిలబడటం, ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి పది సెకన్లు నిలవడం, పక్కకు అడుగులు వేయడం, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం. ఇలాంటి వ్యాయామాలు పడిపోవడాలను దాదాపు నాలుగో వంతు తగ్గిస్తాయని ఎన్నో పరిశోధనలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది. నాకు తెలిసిన ఏ మాత్రా ఆ పని చేయదు. నెలలు పడుతుంది, విసుగ్గా ఉంటుంది, మానేస్తే వచ్చింది కూడా పోతుంది. టీవీలో సీరియల్ నడుస్తుండగా ప్రకటనలు వచ్చినప్పుడల్లా చేయించండి. నా దగ్గర అందరికంటే బాగా పనిచేసిన ఉపాయం అదే.

డి విటమిన్ తక్కువ ఉందని తేలితే డాక్టరు చెప్పిన మోతాదు వాడండి. "ఎముకలకు మంచిదట" అని 60,000 యూనిట్ల సాచెట్లు ఎవరికివారే తెచ్చుకుని తాగడం వద్దు. ఆస్ట్రేలియాలో 70 దాటిన ఆడవాళ్ళకు ఏడాదికోసారి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూశారు. పడటం తగ్గకపోగా పెరిగింది, ఎముకలు విరగడమూ పెరిగింది. 2010లో అచ్చయిన పరిశోధన అది.

మళ్ళీ పడితే ఏం చేయాలో కూడా అమ్మగారితో ఇప్పుడే మాట్లాడుకోండి. చంకల కింద చేతులు వేసి గుంజి లేపకూడదు. దెబ్బ లేదనిపిస్తే పక్కకు ఒత్తిగిలి, మోచేతుల మీద, ఆపైన చేతులూ మోకాళ్ళ మీద లేచి, గట్టి కుర్చీ దాకా పాకి, దాన్ని పట్టుకుని లేవడం. ఇది ఒకరోజు పరుపు పక్కన దుప్పటి పరిచి నేర్పించవచ్చు. కాలు పొట్టిగా మారి పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి ఎముక విరిగిందని అనుమానించి, కదపకుండా 108 పిలవాలి. నూనె మర్దనలు, నాటు కట్లు అంటూ వారం పోగొట్టుకోకూడదు. తుంటికి ఆపరేషన్ ఒకటి రెండు రోజుల్లో అయితేనే మనిషి తిరిగి నడిచే అవకాశం ఎక్కువ. తలకు దెబ్బ తగిలి, రక్తం పలచబడే మందులు కూడా వాడుతుంటే, చూడటానికి బాగానే ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కొందరికి మెదడు పొరల కింద రక్తం మెల్లగా చేరి, వారాల తరువాత మగతగా, మాట తడబడుతూ బయటపడుతుంది.

ఫోను బల్ల మీద కాదు, మెడలో చిన్న సంచిలో ఉండాలి, స్నానానికి వెళ్ళినప్పుడు కూడా చేతికి అందేచోట. పక్కింటివారి దగ్గర ఒక తాళం చెవి ఉంచండి. వృద్ధుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే 14567 నంబరు కూడా ఫోనులో పెట్టండి. అత్యవసరానికి కాదు గానీ సలహాకూ సాయానికీ పనికివస్తుంది.

ఈ ఆదివారం వెళ్ళినప్పుడు బి.పి. మూడు అంకెలు, కుర్చీ లెక్క, మందుల పేర్లన్నీ రాసి పెట్టండి, మిగిలినది అప్పుడు చూద్దాం. మీరు రాసినదాంట్లో ఒక సంగతి లేదు, బహుశా మీరూ అడిగి ఉండరు. ఆ తెల్లవారుజామున ఆవిడ నేల మీద ఎంతసేపు ఉన్నారు? గంట దాటి పడి ఉంటే అది వేరే లెక్క. పనమ్మాయి ఎన్నింటికి వస్తుంది? ఆ అమ్మాయి వచ్చేసరికి అమ్మగారు తనంతట తాను లేచి ఉన్నారా, లేక ఆ అమ్మాయే లేపిందా?